నెత్తురు చెప్పే సంగతులు

తెల్లవారేసరికి సిద్దిపేట కోమటిచెరువు కట్టమీద నడిచేవారు కనిపిస్తారు. వారిలో ఎవరిని పలకరించినా, "ఏ జబ్బూ లేదు, బాగానే ఉన్నాను" అనే అంటారు. ఆ మాట చాలావరకు నిజమే. కాని బాధ లేకపోవటం వేరు, జబ్బు లేకపోవటం వేరు. మధుమేహం ఏళ్ల తరబడి ఎట్టి బాధా కలిగించకుండానే కంటిలోని సన్నని రక్తనాళాలను, మూత్రపిండాలను పాడుచేయగలదు. మూత్రపిండాల శక్తి సగం తగ్గినా మనిషికి ఏమీ తెలియకపోవచ్చు. శరీరం తనంతట తాను బయటపెట్టని ఇట్టి సంగతులను ముందుగా తెలుసుకొనటానికి ప్రయోగశాల పరీక్షలు తోడ్పడతాయి.

ఈ ఆలోచన కొత్తది కాదు. కొందరి మూత్రానికి చీమలు చేరటం మన ప్రాచీన వైద్యులు గమనించి, ఆ వ్యాధిని మధుమేహమన్నారు. ఆ చీమలే మొదటి ప్రయోగశాల అనవచ్చు! అయితే చీమ తీపి ఉన్నదని చెప్పగలదు గాని, ఎంత ఉన్నదో చెప్పలేదు. ఆ పని రసాయనశాస్త్రానికే సాధ్యమైనది.

రసాయనశాస్త్రం ఇందుకు ఎన్నుకొన్న మార్గం రంగు. రక్తద్రవంలో ఒక ఎంజైమును కలిపితే అది గ్లూకోజును మార్చి, హైడ్రోజన్ పెరాక్సైడును పుట్టిస్తుంది. మరొక ఎంజైము ఆ పెరాక్సైడు సాయంతో, రంగులేని పదార్థాలనుండి గులాబిరంగును తయారుచేస్తుంది. చక్కెర ఎక్కువైనకొద్దీ రంగు చిక్కనవుతుంది. ఆ ద్రావణంగుండా కాంతిని పంపి ఎంత కాంతి ఆగిపోయినదో కొలిస్తే చక్కెర పరిమాణం తేలుతుంది. పర్మాంగనేటు ద్రావణాన్ని పలుచన చేస్తూ రంగు తగ్గటం చూచిన విద్యార్థికి ఈ సూత్రం సులభంగానే బోధపడుతుంది. ఇట్టి రంగు పరీక్షల చరిత్రలో ఒక తెలుగువాని పేరు నిలిచి ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో సైరస్ ఫిస్కుతో కలిసి, ఫాస్ఫరస్‌ను నీలిరంగు ద్వారా కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. దశాబ్దాలపాటు ప్రపంచమంతటా ప్రయోగశాలలు దానిని వాడుకొన్నవి.

సిద్దిపేట 2016లో జిల్లా అయినది. 2021 జూన్‌లో 19 జిల్లాలలో ఒకేసారి తెరచిన తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రాలలో ఒకటి ఇక్కడిది. 57 రకాల పరీక్షలను ఉచితంగా చేయాలన్నది అప్పటి ఏర్పాటు. రోగి పట్టణానికి రానక్కరలేదు. పల్లెలోని ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో నెత్తురు తీస్తే, అదే వాహనమెక్కి సిద్దిపేటకు చేరుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. నాళికలోకి వచ్చినంతమాత్రాన రక్తకణాలు చనిపోవు. అవి తమ చుట్టూ ఉన్న గ్లూకోజును తింటూనే ఉంటాయి. గదిలో అట్లే ఉంచిన నెత్తురులో చక్కెర గంటకు 5 నుండి 7 శాతం వరకు తగ్గిపోతుంది. ఎండకాలంలో ఇంకా త్వరగా తగ్గుతుంది. పరగడుపున తీసిన ఒకరి నెత్తురులో చక్కెర 130 మిల్లీగ్రాములు ఉన్నదనుకొందాం. గంటకు 6 శాతం చొప్పున తగ్గితే మూడు గంటల ప్రయాణం తరువాత అది సుమారు 108 అవుతుంది. మధుమేహాన్ని సూచించవలసిన అంకె దారిలోనే కరగిపోయినదన్నమాట! అందుకే చక్కెర పరీక్షకు బూడిదరంగు మూత గల నాళికను వాడతారు. అందులోని సోడియం ఫ్లోరైడు, కణాలు చక్కెరను తినే పనిని ఆపుతుంది. నల్లగొండ పల్లెలలో నీటిద్వారా ఎముకలను వంచిన ఫ్లోరైడే ఇక్కడ కాపలా కాయటం వింత. అయితే అది పూర్తిగా పనిచేయటానికి గంటకు పైగా పట్టవచ్చు. కాబట్టి వాహనం ఆలస్యమైతే కలిగే నష్టం కేవలం సమయానిది కాదు.

ఇక రిపోర్టులోని అంకెలు. ప్రతి అంకెకు ఎదురుగా హద్దులు ముద్రించి ఉంటాయి. చాలా పరీక్షలలో ఈ హద్దులను ఎట్లా నిర్ణయిస్తారు? ఆరోగ్యవంతులను అనేకులను పరీక్షించి, మధ్యలో పడిన 95 శాతం మంది అంకెలను తీసుకొంటారు. అనగా నూటికి ఐదుగురు ఆరోగ్యవంతులు హద్దు బయటనే ఉంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలను ఒక ఆరోగ్యవంతునికి చేస్తే, అన్నీ హద్దులోపల పడే అవకాశం 0.95ను 20 సార్లు హెచ్చవేస్తే వస్తుంది. అది 0.36 మాత్రమే. మిగిలిన 64 శాతం సందర్భాలలో కనీసం ఒక అంకె అయినా తప్పిపోయి, లేని జబ్బును చూపి భయపెడుతుంది. శరీరమంతటికీ కలిపి అమ్మే పరీక్షల మూటలు కొనేవారు ఈ లెక్క వేసుకోవటం మంచిది. గణితోపాధ్యాయులు తరగతిలో చేయించదగిన లెక్క కూడా.

చక్కెర హద్దు అట్టిది కాదు. పరగడుపున 126, ఆపైన ఉంటే మధుమేహమన్నది, ఏ స్థాయినుండి కంటి రక్తనాళాలు చెడటం హెచ్చుతుందో పరిశీలించి పెట్టిన గీత. అయినా లక్షణాలు లేనివారికి రెండవసారి పరీక్షతో నిర్ధారించుకొంటారు.

ఒక అంకెకు మరొక అంకె తోడు కావలసి వస్తుంది. గడచిన రెండు మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష, ఎర్రకణం సుమారు 120 రోజులు బ్రతుకుతుందన్న ఆధారంమీద నిలిచి ఉన్నది. ఇనుము కొరతవల్ల రక్తహీనత ఉన్నవారిలో ఈ అంకె ఉన్నదానికంటె ఎక్కువగా కనిపించవచ్చు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో సగానికి మించి రక్తహీనత కనిపించినది. కాబట్టి 6.5 అని వచ్చిన ఇల్లాలి రిపోర్టులో హిమోగ్లోబిన్ 12కు తగ్గినదా అని కూడ చూడవలసి ఉన్నది. అది చూడకుండా మందు మొదలుపెడితే, కావలసినది చక్కెర మాత్రో, ఇనుపమాత్రో తేలదు.

పాత రిపోర్టులు కూడ పనికివస్తాయి. ఒక మనిషికి క్రియాటినిన్ మూడేళ్ల క్రితం 0.7, ఈ ఏడు 1.1 అనుకొందాం. సాధారణంగా ముద్రించే హద్దులలో ఈ రెండూ ఇమిడిపోవచ్చు. కాని అదే మనిషిలో కండ పెరగకుండా, ఆహారం మారకుండా ఇంత తేడా వచ్చినదంటే మూత్రపిండాల వడపోత గణనీయంగా తగ్గి ఉండవచ్చును. మొదటి కాగితం పారవేసినవారి విషయంలో వైద్యునికి కనిపించేది 1.1 ఒక్కటే.