కాలేయమునకు మందు చేర్చు సూక్ష్మకణికలు

రక్తములోని మాంసకృత్తులలో అధిక భాగము కాలేయమున తయారగును. ట్రాన్స్‌థైరెటిన్ అట్టి వాటిలో ఒకటి. వంశపారంపర్యముగా జన్యులోపము సంక్రమించిన కొందరిలో ఇది వికృతమై నరములయందును, గుండెయందును పేరుకొనును. మొదట పాదములు తిమ్మిరెక్కును; పిమ్మట నడక తప్పును; తుదకు ప్రాణాపాయము కలుగును. 1990లో స్వీడన్ దేశమున ఈ వ్యాధికి కాలేయమునే మార్చి చూచిరి. కాని అట్టి శస్త్రచికిత్స అందరికిని సాధ్యము కాదు.

జన్యువు ఆజ్ఞను వార్తాహర ఆర్.ఎన్.ఎ. కొనిపోవును. రెండు పేటల ఆర్.ఎన్.ఎ.ను ప్రయోగించినచో ఆ వార్తాహరి నశించి, జన్యువు మూగవోవునని 1998లో ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో అను అమెరికా శాస్త్రజ్ఞులు చిన్న పురుగులయందు కనుగొనిరి. 2006లో వారికి నోబెల్ బహుమానము లభించినది.

అయితే రక్తమున విడిచిన ఆర్.ఎన్.ఎ. గమ్యము చేరకమునుపే నశించును. అందుచే దానిని కొవ్వుపదార్థములతో చేసిన సూక్ష్మకణికలలో ఇముడ్చుదురు. ఒక్కొక్క కణిక మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు మాత్రమే. రక్తములోని అపోలిపోప్రొటీన్-ఇ దీనిని అంటుకొనగా, కాలేయకణములు దీనిని సహజమైన కొవ్వుగా నెంచి లోనికి గ్రహించును.

ఇట్టి ఔషధమగు పాటిసిరాన్ 2018లో అమెరికాలో ఆమోదము పొందినది. దీనిని మూడు వారముల కొకసారి సిరద్వారా ఎక్కింతురు. 225 మంది రోగులపై 18 మాసములు జరిగిన పరీక్షలో, ఔషధము పొందినవారి నరముల స్థితి సగటున కొంత మెరుగుపడగా, పొందనివారి స్థితి క్షీణించినది.

ఈ మందు జన్యులోపమును తొలగింపదు. దాని ఆజ్ఞను మాత్రమే అణచును. కావున చికిత్సను మానరాదు. బాగుగా చెడిన నరములు పూర్తిగా కోలుకొనవు. కుటుంబమున ఈ వ్యాధి యున్నవారు, తిమ్మిరి పొడసూపిన వెంటనే వైద్యుని సంప్రదింపవలెను.