కొలువులోని నవ్వు



మన మనూరు ప్రాంతమున ఏ గ్రామపు రచ్చకట్ట మీఁద కూర్చున్నను ఇప్పుడొక మాట వినవచ్చుచున్నది. "ఫలానావారి పిల్లవాఁడు ఇంజనీరు చదివినాఁడు. పట్నములో కొలువు. ఇంటికి వచ్చినచో పగలెల్ల నిద్ర, రాత్రి యెల్ల మేలుకువ. ఏమి పనిరా యని యడిగితే నవ్వి యేదో వంకరమాట చెప్పును." ఈ యభియోగములో రెండు ప్రశ్నలున్నవి. వాఁడు రాత్రివేళ నేమి చేయుచున్నాఁడన్నది మొదటిది. తన పనిని చూచి తానే యేల నవ్వుచున్నాఁడన్నది రెండవది. మొదటిదానికి లెక్క చాలును. రెండవదానికి మనసు పెట్టవలెను. రెంటిని వరుసగా విన్నవింతును.

మీలో పంచాంగము చూడనేర్చినవారు పలువురున్నారు. కావున లెక్కతోనే మొదలుపెట్టుదము. భూమి 24 గంటలలో 360 భాగలు తిరుగును. అనఁగా గంటకు 15 భాగలు. మన దేశపు గడియారములు గ్రీనిచ్చికి తూర్పుగా 82 భాగల 30 కలల రేఖ ననుసరించి నడుచును. ఆ రేఖ ఉత్తరమున మీర్జాపూరునకు, దక్షిణమున కాకినాడకు చేరువగా పోవును. అమెరికాలోని న్యూయార్కు నగరపు గడియారము గ్రీనిచ్చికి పడమరగా 75 భాగల రేఖ ననుసరించును. ఈ రెంటిని కూడఁగా 157 భాగల 30 కలలు. దానిని 15 చేత భాగింపఁగా వచ్చినది 10 గంటల 30 నిమిషములు. మన పూర్వుల లెక్కలో 26 ఘడియల 15 విఘడియలు. సూర్యోదయము మనకు ముందు గనుక మనము వారికంటె అంత ముందున్నాము. మనూరులో రాత్రి 8 గంటలై, పెద్దలు భోజనము ముగించి అరుఁగు మీఁదికి వచ్చునప్పటికి, న్యూయార్కులో ఉదయము 9 గంటల 30 నిమిషములై కచేరీలు తెఱచుచుందురు.

ఇందులో మఱియొక చిక్కు గలదు. అచ్చటివారు మార్చి నెల రెండవ ఆదివారమున గడియారమును ఒక గంట ముందునకు త్రిప్పి, నవంబరు మొదటి ఆదివారమున మఱల వెనుకకు త్రిప్పుదురు. అందుచేత ఆ నడిమి నెలలలో తేడా 9 గంటల 30 నిమిషములే. మన పిల్లవాఁడు ఆ కచేరీవారితో కలిసి పని చేయువాఁడు. వారికి తెల్లవాఱినపుడే వానికిని తెల్లవాఱును. "తాతా, మా సూర్యుఁడు బాకీదారు వంటివాఁడు. మార్చిలో ఒక మాట, నవంబరులో ఒక మాట" అని వాఁడు నవ్వినచో, దానిని పెంకెతనమని తలఁపకుఁడు. అందులో ఖగోళమున్నది.

ఇఁక ఆ పని యెట్టిది? కంప్యూటరు అను యంత్రము చెప్పినదే చేయును. తప్పు చెప్పినచో ఆ తప్పునే మిక్కిలి వేగముగా చేయును. దానికి ఆజ్ఞలను వరుస తప్పక వ్రాసియిచ్చుట ఈ యువకుల వృత్తి. మీరు వ్రేలిముద్ర వేసి పైకము తీసికొనునపుడును, కిరాణా దుకాణమున ఫోనుతో చెల్లించునపుడును, లోపల మెలఁగుచున్నది అట్టి వ్రాఁతయే.

ఆ వ్రాఁతలో దోషము దొరలినచో దానిని వారు "బగ్గు" అందురు. అనఁగా పురుగు. యంత్రములలోని దోషమునకు ఈ పేరు ప్రాఁతదే. విద్యుద్దీపముతో పేరు గాంచిన ఎడిసన్ 1878లోనే ఒక లేఖయందు దానిని వాడినాఁడు. అయితే 1947 సెప్టెంబరు 9వ తేదీన ఒక వింత జరిగినది. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున మార్కు 2 అను గణకయంత్రము చెడఁగా, వెదకిన వారికి దాని భాగముల నడుమ నిజముగానే ఒక రెక్కల పురుగు చిక్కినది. వారు దానిని దినచర్య పుస్తకపు పుటలో అంటించి, నిజమైన పురుగు దొరికినదని పరిహాసముగా వ్రాసి పెట్టిరి. ఆ పుటను వాషింగ్టను నగరపు ప్రదర్శనశాలవారు భద్రపఱచినారు. ఈ వృత్తికి శైశవమునుండియే నవ్వు తోడుగా నున్నదనుటకు ఇదియొక నిదర్శనము.

పత్తిచేనిలో పురుగుతో వేగిన మీకు ఆ బాధ వేఱుగా చెప్పవలసిన పని లేదు. ఒక మందు కొట్టినచో ఒకటి చచ్చును, ఇంకొకటి లేచును. దేవీమాహాత్మ్యములోని రక్తబీజుని కథ మీరు వినియున్నారు. వాని రక్తపుబొట్టు పడిన చోటనెల్ల మఱియొక రక్తబీజుఁడు లేచెను. ఈ యువకులకు శనివారము, ఆదివారము సెలవు. కావున వారిలో నొకఁడు, "రక్తబీజుఁడు శుక్రవారము సాయంకాలమే పుట్టును. కాళికాదేవి సోమవారముగాని కచేరీకి రాదు" అని చెప్పినచో, వాఁడు పురాణమును తక్కువ చేయుట లేదు. తన శనివారము పోయినదని మనకు చెప్పుచున్నాఁడు.

వారికి దినదినము ఒక చిన్న సమావేశము గలదు. నిన్న నేమి చేసితివి, నేఁడేమి చేయుదువు, నీ కడ్డమేమి యని మూఁడు ప్రశ్నలు. కూర్చున్నచో మాట పెరుఁగునని, దానిని నిలుచుండి జరుపవలెనను పద్ధతి యేర్పడినది. ఇంటినుండి పని చేయువాఁడు మంచము మీఁద కూర్చుండియే దానికి "నిలుచుండు సభ" అని పేరు చెప్పును. పని చేయువారికంటె పని యెంతవఱకు వచ్చినదని యడుగువారు ఎక్కువైనారని వారి మొఱ. మన యూర బావి త్రవ్వించునపుడు చూడలేదా? లోపల గడ్డపాఱ పట్టినవాఁ డొక్కఁడు, గట్టు మీఁద నిలిచి "నీరు పడినదా?" యని తొంగిచూచువారు నలుగురు. జీతము మాట యడిగినచో, "ఒకటవ తేదీన చుట్టము వలె వచ్చి, ఇంటి యప్పు వాయిదా ముఖము చూడఁగానే రెండవ తేదీన లేచి పోవును" అందురు. సంతకు పోయి వచ్చిన రైతునకు ఈ మాటలో క్రొత్త యేమియు నుండదు.

హైదరాబాదులో ఈ వృత్తికి గుఱుతుగా నిలిచిన సైబర్ టవర్స్ అను భవనము మాదాపూరులో 1998లో ప్రారంభమైనది. తరువాతి యేండ్లలో మన పల్లెల బిడ్డలును ఆ త్రోవ పట్టిరి. అయినను వారి పని యెట్లుండునో ఇంటివారు కన్నులార చూచినది 2020లోనే. ఆ సంవత్సరము మార్చి 25వ తేదీనుండి దేశమంతట రాకపోకలు నిలిచిపోయినవి. ఉద్యోగులు యంత్రములను చంకఁబెట్టుకొని స్వగ్రామములు చేరిరి. డాబా మీఁద, వేపచెట్టు క్రింద, ఫోను సంకేతము చిక్కిన చోటనే కచేరీ. ఇచట గేదె అఱచినచో సముద్రముల కావలివారు ఉలికిపడుదురు. తల్లి తెర ముందునకు వచ్చి "రొట్టె చల్లారిపోవుచున్నదిరా" యని పలికినచో దేశాంతరపు దొరలును విందురు. ఆ దినములనుండియే ఈ పరిహాసములు మన రచ్చకట్ట చెవిని పడినవి.

మన సరిహద్దు నేలకు తగిన పరిహాసమొకటి గలదు. ఇటు కర్ణాటకము, అటు మహారాష్ట్రము చేరువైన ఈ మంజీరా తీరమున పిల్లలకు భాషలు ఉగ్గుపాలతోనే వచ్చును. "ఇంట తెలుఁగు, సంతలో ఉర్దూ, చుట్టముల యింట కన్నడము, మరాఠీ, కచేరీలో ఇంగ్లీషు, యంత్రముతో జావా. ఆఱు భాషలు నేర్చి అన్నింట 'రేపు ముగించెద' నని చెప్పుచున్నాను" అనునది ఆ పరిహాసము. జావా యనునది యంత్రమునకు ఆజ్ఞలు వ్రాయు భాషలలో నొకటి.

పనిని చూచి పనివాఁడు నవ్వుట క్రొత్తది కాదు. నాట్లలోను, కోఁతలలోను మన స్త్రీలు పాడిన పాటలలో ఆసామి మీఁద ఎన్ని చెణుకులు లేవు? తెలంగాణమున సేద్యమునకు 24 గంటల విద్యుత్తు 2018 జనవరి 1వ తేదీనుండి వచ్చినది. అంతకు ముందు రాత్రి వంతున కరెంటు వచ్చునపుడు, పాములకు వెఱచుచు, చేతిదీపముతో మోటారు కడకు పోయి, గట్టు మీఁద కూర్చుండి మీరు చెప్పుకొన్న కబుర్లను జ్ఞప్తికి తెచ్చుకొనుఁడు. ఆ నవ్వు సోమరితనమువలన పుట్టినది కాదు. అది లేకున్నచో ఆ రాత్రి గడవదు. మీరు నీటి కొఱకు మేల్కొన్న రాత్రులకును, మీ మనుమఁడు ఇప్పుడు మేల్కొను రాత్రులకును చుట్టఱికము గలదు.

మన సాహిత్యమునందును ఈ త్రోవ యున్నది. మొక్కపాటి నరసింహశాస్త్రిగారు తాము విదేశమునకు పోయి చదివి వచ్చినవారు. సీమకు పోవు తెలుఁగు పిల్లవాని పాట్లను "బారిస్టరు పార్వతీశం" అను పుస్తకమున నవ్వు పుట్టునట్లు వ్రాసిరి. దాని మొదటి భాగము వెలువడినది 1924లో. మునిమాణిక్యం నరసింహారావుగారు, భమిడిపాటి కామేశ్వరరావుగారు బడిపంతుళ్లు. చాలీచాలని జీతముతో నడచిన సంసారములను చూచియు వారు ఏడువక నవ్వించిరి. వారి నవ్వు వారి విద్యకు గాని వృత్తికి గాని మచ్చ తేలేదు.

ఇఁక రెండవ ప్రశ్న లోఁతునకు పోవుదము. భరతముని నాట్యశాస్త్రమున హాస్యమును ఆఱు విధములుగా చెప్పినాఁడు: స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము. కన్నులలోను చెక్కిళ్లలోను మాత్రమే తెలియు చిఱునవ్వు మొదలుకొని, ప్రక్కలు పట్టుకొని నవ్వు పెద్దనవ్వు వఱకు ఇందులో చేరినవి. దీనికి తోడు ఇంకొక భేదము చెప్పఁబడినది. తాను నవ్వునపుడు అది ఆత్మస్థము. ఎదుటివానిని నవ్వించునపుడు అది పరస్థము. పెద్దలారా, ఈ భేదమును మఱువకుఁడు. నేఁ డీ ప్రసంగమున మీకు చెప్పవలసిన ముఖ్యమైన మాట దానిలోనే యున్నది.

పిల్లవాఁడు తన పనిని గూర్చి చెప్పి, తానును నవ్వి, మనలను నవ్వించినంతకాలము భయము లేదు. వాఁడు బరువును మోయుచున్నాఁడు గాని బరువు క్రింద లేఁడు. మనలను మాత్రమే నవ్వించి తాను నవ్వనినాఁడు జాగరూకతతో చూడవలెను. ఒకప్పుడు రోజుకొక చెణుకు విసరినవాఁడు మాటయే మానివేసినచో, ఇంకను శ్రద్ధతో చూడవలెను. వారి కొలువులు పైకి కనఁబడునంత స్థిరములు కావు. 2023 జనవరి నెలలోనే మైక్రోసాఫ్టు సంస్థ 10,000 మందిని, గూగులునకు మాతృసంస్థ యైనది 12,000 మందిని తొలగింతుమని ప్రకటించినవి. అట్టి కబురు అందిన పిల్లవాఁడు ఇంట చెప్పుటకు సిగ్గుపడి, యథాప్రకారము రాత్రి యంత్రము ముందు కూర్చుండవచ్చును. వర్షము లేక పంట పోయినచో ఊరంతయు చూచును. వీరి పంట పోయినచో ప్రక్కగదిలో నున్నవానికిని తెలియదు. కావున ఇంటి పెద్దలే కనిపెట్టవలెను.

చేయవలసినవి కొన్ని విన్నవించి ముగింతును. మొదటిది నిద్ర. మన దేహమున రాత్రింబగళ్లను తెలిసికొను గడియారమొకటి గలదు. అది నడుచు తీరును కనుఁగొన్న ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో నోబెలు బహుమానము లభించినది. ఆ గడియారమునకు ఎదురీఁది పని చేయువానికి పగటినిద్ర చాలక పోవును. అందుచేత పగలు వాఁడు పండుకొన్న గదిని చీఁకటి చేయుఁడు. చుట్టములు వచ్చిరని, పెండ్లి మాటలకని లేపకుఁడు. రాత్రి మోటారు కడ మేల్కొన్న రైతును మధ్యాహ్నము ఎవ్వరును లేపలేదు గదా!

రెండవది ప్రశ్న. "జీతమెంత పెరిగినది?" అని యడుగుటకు ఊరంతయు సిద్ధముగా నున్నది. మీరు "ఈ వారము రక్తబీజుఁడు చచ్చినాఁడా?" అని యడుగుఁడు. వాఁడు తలయెత్తి మాటాడును. వాని పనిలోని ఒక్క మాట మీ నోట వినినచో, తన్ను తెలిసికొనువారు ఇంట నున్నారని వానికి ధైర్యము కలుగును.

మూఁడవది తోడు. నవ్వు పోయి, నిద్ర పోయి, ఆఁకలి పోయిన పిల్లవానిని "ధైర్యముగా నుండుమురా" యని వదలకుఁడు. వైద్యుని కడకు కొనిపొండు. మనసు బాధలకు సలహా చెప్పుటకై కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరు 10వ తేదీన టెలిమానస్ అను సేవను నెలకొల్పినది. ఫోనులో 14416 నొక్కినచో రుసుము లేకయే తెలుఁగులో మాటాడవచ్చును. పశువునకు జబ్బు చేసినచో వైద్యుని పిలుచుటకు మనము సిగ్గుపడుట లేదు. బిడ్డ మనసు నలఁగినపుడు సిగ్గేల?

ఈ రాత్రి మీ యింట ఒక గదిలో దీపము వెలుఁగుచుండవచ్చును. లోపలినుండి నవ్వు వినవచ్చినచో విసుగుకొనక, ఆ మాట యేమో మాకును చెప్పుమని పిలువుఁడు.

సెలవు.