రోమింగ్ ప్రొఫైల్ సేవ్ కావట్లేదా? ఫైల్‌ని ఎవరు పట్టుకున్నారో ముందు కనిపెట్టండి

కాలేజీ ల్యాబ్‌లోనో ఆఫీసులోనో ఏ సిస్టమ్‌లో లాగిన్ అయినా మన డెస్క్‌టాప్, మన సెట్టింగ్స్ అలాగే వచ్చేస్తుంటాయి. ఇప్పటికీ కొన్ని చోట్ల దీని వెనక ఉండేది విండోస్ రోమింగ్ యూజర్ ప్రొఫైల్. బాగా పనిచేసినన్నాళ్లూ అదొకటి ఉందనే గుర్తుండదు. "ఈ ఫైల్‌ని వేరే ప్రాసెస్ వాడుతోంది" అనే ఎర్రర్ మొదలైతే మాత్రం, ఈరోజు డెస్క్‌టాప్ మీద సేవ్ చేసిన ప్రాజెక్ట్ రేపు పక్క సిస్టమ్‌లో కనిపించదు.

అసలు ఏం జరుగుతుంది?

లాగిన్ అవ్వగానే ప్రొఫైల్ సర్వర్ నుంచి సిస్టమ్‌లోకి కాపీ అవుతుంది. పనంతా ఆ లోకల్ కాపీ మీదే. సైన్ అవుట్ చేసినప్పుడు మారిన ఫైల్స్ తిరిగి సర్వర్‌కి వెళ్తాయి. లాక్ గొడవ ఎక్కువగా వచ్చేది ఇక్కడే. అంటే ఫైల్ ఇరుక్కునే చోట్లు రెండే: మీ సిస్టమ్, లేదంటే సర్వర్. ఏ వైపో తేలితే సగం పని అయిపోయినట్టే.

ఒక హెచ్చరిక. ఎర్రర్ రాగానే లోకల్ ప్రొఫైల్ డిలీట్ చేయకండి. సర్వర్‌కి చేరని ఫైల్స్ ఉన్నది అందులోనే. ముందు దాన్ని వేరేచోటికి కాపీ చేసుకోండి.

స్టెప్ 1: ఈవెంట్ వ్యూయర్

అప్లికేషన్ లాగ్‌లో మూడు నంబర్లు వెతకండి.

- 1504: ప్రొఫైల్ పూర్తిగా అప్‌డేట్ కాలేదు. ఇది ఒక్కటే ఉంటే పెద్దగా ఉపయోగం లేదు.
- 1509: ఏ ఫైల్ కాపీ కాలేదో పాత్‌తో సహా చెప్తుంది. వివరంలో "యాక్సెస్ ఈజ్ డినైడ్" అని ఉంటే ముందు పర్మిషన్లు చూడండి.
- 1530: యూజర్ రిజిస్ట్రీ ఫైల్ ఎన్‌టీయూజర్.డాట్‌ని ఇంకా ఏదో ప్రోగ్రామ్ వాడుతోంది. ఆ ప్రాసెస్ పేరు కిందే ఉంటుంది.

స్టెప్ 2: సర్వర్ వైపు

కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లో షేర్డ్ ఫోల్డర్స్, అందులో ఓపెన్ ఫైల్స్ చూడండి. పవర్‌షెల్ అలవాటుంటే గెట్-ఎస్‌ఎంబీఓపెన్‌ఫైల్ చాలు. లైనక్స్ సాంబా సర్వర్ అయితే ఎస్‌ఎంబీస్టేటస్ కమాండ్.

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. ఈ లిస్టులో కనిపించేవి నెట్‌వర్క్ మీదుగా తెరిచిన ఫైల్స్ మాత్రమే. సర్వర్‌లోనే నడిచే యాంటీవైరస్, బ్యాకప్ ఇందులో కనబడవు. నేను చూసిన ఒక ట్రైనింగ్ సెంటర్ ల్యాబ్‌లో సరిగ్గా ఇదే జరిగింది. లిస్టు ఖాళీ, ఎర్రర్ మాత్రం రోజూ సాయంత్రమే. సర్వర్‌లో రిసోర్స్ మానిటర్ తెరిచి, సీపీయూ ట్యాబ్‌లోని అసోసియేటెడ్ హ్యాండిల్స్‌లో ఫైల్ పేరు కొట్టాను. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ దొరికింది. పిల్లలంతా సైన్ అవుట్ చేసే టైమ్‌కే అదీ మొదలవుతోంది. బ్యాకప్‌ని అర్ధరాత్రికి మార్చాం, ఎర్రర్లు ఆగిపోయాయి.

స్టెప్ 3: మీ సిస్టమ్ వైపు

సర్వర్ దగ్గర ఏమీ దొరక్కపోతే అనుమానం లోకల్ ప్రోగ్రామ్స్ మీదే. బ్యాక్‌గ్రౌండ్‌లో నడిచే బ్రౌజర్, క్లౌడ్ సింక్ యాప్, యాంటీవైరస్‌లను ఒక్కొక్కటిగా ఆపి సైన్ అవుట్ చేసి చూడండి. ఏది ఆపినప్పుడు 1509 రాలేదో అదే దొంగ.

మళ్లీ రాకుండా

- ప్రొఫైల్ షేర్‌కి ఆఫ్‌లైన్ క్యాషింగ్ ఆఫ్ చేయండి. సాంబాలో సీఎస్‌సీ పాలసీని డిజేబుల్‌గా పెట్టండి.
- డాక్యుమెంట్స్ లాంటి పెద్ద ఫోల్డర్లను ఫోల్డర్ రీడైరెక్షన్‌తో సర్వర్‌లోనే ఉంచండి. కాపీ అయ్యేది తగ్గితే ఇరుక్కునేదీ తగ్గుతుంది.
- ఒకేసారి రెండు సిస్టమ్స్‌లో లాగిన్ అవ్వకండి. లాక్ రాకపోయినా, చివరగా సైన్ అవుట్ చేసిన సిస్టమ్ సెట్టింగ్సే మిగులుతాయి.

ఓపెన్ ఫైల్స్ లిస్టులో రైట్ క్లిక్ చేసి క్లోజ్ కొట్టడం చాలా తేలిక. కానీ అవతల ఎవరో సేవ్ చేస్తూ ఉంటే వాళ్ల పని పోతుంది. అందుకే నా సలహా: ఆ ఫైల్ ఎవరిదో తెలిసి, వాళ్లతో ఓ మాట మాట్లాడాకే ఆ బటన్ నొక్కండి.