క్యాలిక్యులేటరే కీప్యాడ్ అయితే: యూఎస్‌బీ క్యాలిక్యులేటర్ కొనే ముందు చూసుకోవాల్సినవి

విజయనగరం నుంచి మళ్ళీ మీ ముందుకొచ్చాను. ఈరోజు ఫోన్ల గురించి కాదు. చూడ్డానికి మామూలు షాపు క్యాలిక్యులేటర్‌లా ఉండే ఒక వస్తువు గురించి. దీనికి యూఎస్‌బీ వైరు ఉంటుంది. కంప్యూటర్‌కి పెడితే అంకెల కీప్యాడ్, తీసేస్తే క్యాలిక్యులేటర్. అంతే.

ఇది ఎవరికి కావాలి అంటారా? మన గంటస్తంభం దగ్గర ఏ హోల్‌సేల్ కొట్టుకైనా వెళ్ళి చూడండి. ల్యాప్‌టాప్‌లో ట్యాలీ, పక్కన క్యాలిక్యులేటర్. కుర్రాడు కూడిక క్యాలిక్యులేటర్‌లో కడతాడు, జవాబు చూసి మళ్ళీ ల్యాప్‌టాప్‌లో కొడతాడు. తప్పు దొర్లేది ఆ రెండోసారే.

డిగ్రీ చదువుతూ నేనూ ఆ పని చేశాను. పైడితల్లమ్మ పండగ ముందు, కొట్టు నిండా జనం. 18,450 కొట్టాల్సిన చోట 14,850 కొట్టాను. 8, 4 తారుమారు. పార్టీ ఆ బిల్లు ప్రకారమే డబ్బు కట్టేసి వెళ్ళిపోయాడు. రాత్రి లెక్క తేలక కూర్చుంటే, "ఏటి బావూ, ఇంకా అవ్వనేదా?" అని ఓనర్ గారు మూడుసార్లు అడిగారు. ఆ తేడా 3,600 నా జీతంలోంచే పోయింది. అందుకే ఈ వీడియో.

కొనేముందు మొదట చూడాల్సింది, జవాబుని కంప్యూటర్‌కి పంపే బటన్ ఉందా లేదా. చాలా మోడళ్ళలో అది ఉండదు. ఉంటే క్యాలిక్యులేటర్, లేకపోతే కీప్యాడ్, రెండూ వేరువేరుగానే పనిచేస్తాయి. అలాంటిది కొంటే మళ్ళీ రెండుసార్లు కొట్టుడే. పంపే బటన్ ఉన్నదైతే జవాబుని తనే టైప్ చేస్తుంది. అయితే కర్సర్ ఎక్కడుంటే అక్కడ పడుతుంది. సరైన గడిలో ఉన్నామో లేదో చూసుకునే బాధ్యత మాత్రం మనదే.

రెండోది నమ్ లాక్. కొన్ని పాత, చిన్న ల్యాప్‌టాప్‌లలో కీప్యాడ్ మీద నమ్ లాక్ వేస్తే ల్యాప్‌టాప్ అక్షరాలు కూడా అంకెలైపోతాయి. యూ కొడితే 4, ఎల్ కొడితే 3, ఎం కొడితే సున్నా. పాస్‌వర్డ్‌లో "రాములు" అని ఉందనుకోండి, ఇక లాగిన్ అవ్వదు. పాస్‌వర్డ్ మర్చిపోయామేమో అని కంగారుపడతాం. నమ్ లాక్ తన వరకే ఉంచుకునే కీప్యాడ్‌లు ఉన్నాయి, అడిగి తీసుకోండి.

మూడోది అంకెల సంఖ్య. 8 అంకెల మిషన్‌లో పైసలతో కలిపి 9,99,999.99 వరకే పడుతుంది. పది లక్షలు దాటితే పైసలకి చోటుండదు. కొట్టు లెక్కలకి 12 అంకెలది తీసుకోండి. రెండు సున్నాల బటన్, బ్యాక్‌స్పేస్, పెద్ద ఎంటర్ కూడా ఉండాలి.

ఇంకో మాట. ఫోన్‌లో డయల్ చేసేటప్పుడు 1 2 3 పైన ఉంటాయి. క్యాలిక్యులేటర్‌లో 7 8 9 పైన. ఫోన్‌కి అలవాటుపడిన మన వేలు మొదటి వారం తప్పులు కొడుతుంది. 5 మీద చిన్న బొడిపె ఉంటుంది, మధ్య వేలు అక్కడ పెట్టి ప్రాక్టీస్ చేయండి. ఓటీజీ అడాప్టర్‌తో చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకి కూడా ఈ కీప్యాడ్ పెట్టుకోవచ్చు.

ఇప్పుడు లెక్కల్లో మోసపోయే చోట్లు. 2 + 3 × 4 అని వరసగా కొడితే షాపు క్యాలిక్యులేటర్ 20 చూపిస్తుంది, ఎక్సెల్ 14 చూపిస్తుంది. క్యాలిక్యులేటర్ కొట్టిన వరసలోనే లెక్క కడుతుంది, ఎక్సెల్ ముందు గుణిస్తుంది. అలాగే 18 శాతం జీఎస్టీ కలిసిన 1,180 నుంచి అసలు ధర కావాలంటే 18 శాతం తీసేయకూడదు. అలా చేస్తే 967.60 వస్తుంది, అది తప్పు. 1.18తో భాగించాలి, అప్పుడే 1,000 వస్తుంది. మిషన్ ఎంత మంచిదైనా ఈ రెండూ మనకే తెలియాలి.

మరి కొనాలా వద్దా? మీ ల్యాప్‌టాప్‌లోనే అంకెల ప్యాడ్ ఉండి, పని అంతా ట్యాలీలోనే అయితే అవసరం లేదు. అమౌంట్ గడిలో ఉండగా ఆల్ట్, సి కలిపి నొక్కండి. అక్కడే లెక్క కట్టుకోవచ్చు, జవాబు ఆ గడిలోనే పడుతుంది, పైసా ఖర్చు లేదు. చిన్న ల్యాప్‌టాప్ అయినా, ఎక్సెల్, పోర్టల్ అని రకరకాల చోట్ల అంకెలు కొట్టాల్సి వచ్చినా కొనండి. కొనేటప్పుడు మీ ల్యాప్‌టాప్ షాపుకి పట్టుకెళ్ళి, నోట్‌ప్యాడ్‌లో ప్రతి బటనూ నొక్కి, నమ్ లాక్ వేసి, మీ పాస్‌వర్డ్‌లో ఉండే అక్షరాలు సరిగ్గా పడుతున్నాయో చూసి, అప్పుడు డబ్బులివ్వండి.

చివరిగా, ఆ రాత్రి తర్వాత ఒక పెద్దాయన నాకు నేర్పిన చిట్కా. లెక్కలో తేడా వస్తే దాన్ని 9తో భాగించి చూడండి. శేషం లేకుండా పోతే అంకెలు తారుమారయ్యాయేమో అని ముందు వెతకండి. నా 3,600ని 9తో భాగిస్తే సరిగ్గా 400. ఆ సంగతి ఆ రోజే తెలిసుంటే, తప్పు ఎక్కడుందో ఆ రాత్రే తొందరగా దొరికేది.