కాలాఘోడాలో మా కటౌట్ల బాబాయి

నేల టిక్కెట్టు కొనుక్కుని ఈలేస్తూ హాల్లోకి దూరిపోయే మనం, ఆర్ట్ గ్యాలరీ గుమ్మం ముందు మాత్రం చెప్పులు విప్పాలా వద్దా అని తచ్చాడతాం! నేనూ అంతే. బొంబాయిలో ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళయినా జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ మెట్లెక్కలేదు. ఎక్కించింది మా బాబాయి.

బాబాయి బ్యానర్ ఆర్టిస్టు... ఒకప్పుడు. 1977లో, 'అడవి రాముడు' ఆడుతున్న రోజుల్లో, రంగులు కలిపే కుర్రాడిగా చేరి పాతికేళ్ళు కటౌట్లు వేశాడు. చిన్న స్టిల్ మీద గళ్ళు గీసుకుని, అవే గళ్ళు గుడ్డ మీద పెద్దవిగా గీసి, ముప్ఫై అడుగుల హీరోని నిలబెట్టేవాడు. మూలన పేరు మాత్రం గురువుగారిదే. ఫ్లెక్సు వచ్చింది, కుంచె మూలపడింది. మొన్న మా ఇంటికొస్తే, "ఏం చూస్తావు బాబాయ్, అమితాబ్ బంగళానా?" అన్నాను. "కాదురా, హుస్సేన్ గారి బొమ్మలు పెట్టిన చోటు చూపించు" అన్నాడు.

ఎందుకంటారా? ఎం.ఎఫ్. హుస్సేన్ కూడా తొలిరోజుల్లో ఇదే బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసినవాడే! తర్వాత ఆయన తీసిన చిన్న చిత్రానికి 1967లో బెర్లిన్ చిత్రోత్సవంలో గోల్డెన్ బేర్ వచ్చింది. 2000లో మాధురీ దీక్షిత్‌తో 'గజగామిని' తీసిన సంగతి మీకు తెలిసిందే.

శనివారం బయలుదేరాం. (ఆదివారం చాలా ప్రైవేటు గ్యాలరీలకు సెలవు, గుర్తుంచుకోండి.) చర్చిగేట్‌లో రైలు దిగి, ఓవల్ మైదానం దాటి పావుగంట నడిస్తే కాలాఘోడా. అంటే నల్ల గుర్రం. ఆ గుర్రమెక్కిన ఏడవ ఎడ్వర్డు విగ్రహాన్ని 1965లో బైకలా జూకి తరలించారు. 2017లో మళ్ళీ ఓ నల్ల గుర్రాన్ని పెట్టారు, రౌతు లేకుండా. "హీరోని తీసేసి గుర్రాన్ని ఉంచారన్నమాట!" అన్నాడు బాబాయి.

జహంగీర్ గ్యాలరీ 1952 నాటిది. టిక్కెట్టు లేదు, ఎవరూ ఆపలేదు. బాబాయి బొమ్మకి ముక్కు ఆనించేంత దగ్గరకెళ్ళి, మళ్ళీ పదడుగులు వెనక్కొచ్చి చూస్తున్నాడు. "దూరం నుంచి కలవాలిరా రంగు." 1992లో ఇక్కడే హుస్సేన్ 'శ్వేతాంబరి' అని తెల్లగుడ్డలు వేలాడదీసి, నేలంతా చింపిన న్యూస్‌పేపర్లు పరిచాడని చెప్పాను. బాబాయి నోరు తెరిచాడు. "రంగే లేకుండానా? ప్రొడ్యూసరు ఊరుకున్నాడా?"

రోడ్డు దాటితే నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్, పాత కావస్‌జీ జహంగీర్ హాల్లో 1996లో తెరిచారు. అక్కడ తయ్యబ్ మెహతా గురించి చెప్పాను. ఆయన సినిమా ఎడిటింగ్ చేసిన మనిషి, 1970లో 'కూడల్' అనే చిత్రమూ తీశాడు. "మన వైకుంఠం గారు 'దాసి'కి కళాదర్శకత్వం చేసి జాతీయ అవార్డు కొట్టలేదూ?" అని బాబాయి నాకే ఎదురు పాఠం చెప్పాడు.

అక్కణ్ణించి ప్రెస్కాట్ రోడ్డు నడిచాం. కెకూ, ఖోర్షెద్ గాంధీ దంపతులు 1963లో జహంగీర్ మేడ మీద మొదలుపెట్టిన కెమోల్డ్ గ్యాలరీ 2007లో ఈ వీధికి మారింది. పాత మేడలో, పై అంతస్తులో పెద్ద హాలు. బాబాయికి బొమ్మల కంటే సీలింగ్ ఎత్తు నచ్చింది. "ఇక్కడైతే కటౌటు పడుకోబెట్టి వెయ్యక్కర్లేదు!"

తర్వాత ఓ చిన్న గ్యాలరీ. పేరెందుకు లెండి. బల్ల దగ్గర అమ్మాయి బాబాయి పంచెనీ చేతిసంచినీ చూసి, "ఎవరి కోసం?" అంది ఇంగ్లీషులో. అంతే, బాబాయి గిరుక్కున వెనక్కి తిరిగాడు. నేను దెబ్బలాడాల్సింది. ఆడలేదు. నేనూ సారీ చెప్పి మెట్లు దిగేశాను, అదే ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

దారిలో మాట మార్చాలని, హుస్సేన్ 1954లో వేసిన 'గ్రామయాత్ర' 2025 మార్చిలో న్యూయార్క్ వేలంలో దాదాపు 118 కోట్లకు పోయిందని చెప్పాను. "సైజెంత?" పధ్నాలుగడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు ఉంటుందన్నాను. బాబాయి వేళ్ళు మడిచి లెక్కేశాడు. "చదరపు అడుగు రెండున్నర కోట్ల పైమాటేరా!" పగలబడి నవ్వాడు. మా గురువుగారికి చెప్పుంటే గుండాగిపోయేదన్నాడు.

మళ్ళీ జహంగీర్ దగ్గరకొచ్చేసరికి సాయంత్రమైంది. బయట ఫుట్‌పాత్ మీద చిత్రకారులు బొమ్మలు పెట్టుకు కూర్చున్నారు. వాళ్ళకి గుమ్మమే లేదు! ఓ కుర్రాడు పెన్సిల్‌తో ఎవరి ముఖమో గీస్తున్నాడు. బాబాయి పక్కన చతికిలబడ్డాడు. వీడికి తెలుగు రాదు, ఆయనకి హిందీ రాదు. కాసేపటికి కుర్రాడే కాగితం, పెన్సిలూ అందించాడు.

ముందు గళ్ళు గీశాడు. తర్వాత ఒక కనుబొమ, కింద కన్ను... ఎన్టీఆర్ అని నాకు తెలిసిపోయింది. కాలేజీ పిల్లలు నలుగురు ఆగారు. కుర్రాడు కాగితం మూల చూపించి, సంతకం పెట్టమని సైగ చేశాడు.

బాబాయి అలవాటు కొద్దీ గురువుగారి పేరు రాసేశాడు.