వడ్రంగి పని నేర్చుకునేవారికి నలుగురి దగ్గరే ఆగిన చట్టం

పదో తరగతి పాసైన కుర్రాడు వడ్రంగి కావాలనుకుంటే రెండు దారులున్నాయి. ఒకటి ఐటీఐలో చదివి, ఆపైన ఏదైనా ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరడం. రెండోది ఊళ్లో మేస్త్రి దగ్గర హెల్పర్‌గా కుదరడం. మన ఊళ్లలో గుమ్మాలు, మంచాలు, అల్మారాలు చేసేవాళ్లలో ఎక్కువమంది రెండో దారిన వచ్చినవాళ్లే. స్టైపెండ్, సర్టిఫికెట్, గాయానికి పరిహారం రాసిపెట్టి ఉన్నది మాత్రం మొదటి దారిలో.

ఐటీఐ కోర్సు ఏడాది. ఎనిమిదో తరగతి పాసై, 14 ఏళ్లు నిండితే చేరవచ్చు. 1,200 గంటల పాఠ్యక్రమంలో 840 గంటలు ప్రాక్టికలే.

ప్రాక్టికల్ అంటే ఉలి, రంపం పట్టడం ఒక్కటే కాదు, లెక్క కూడా. ఒక గుమ్మానికి 7 అడుగుల నిలువు కర్రలు రెండు, మూడున్నర అడుగుల అడ్డకర్ర ఒకటి కావాలనుకుందాం. వెడల్పు 5 అంగుళాలు, మందం 3 అంగుళాలు. మొత్తం పొడవు 17.5 అడుగులు. దాన్ని 5తో, 3తో గుణించి 144తో భాగిస్తే సుమారు 1.82 ఘనపుటడుగులు వస్తుంది. టేకు ధర కట్టేది ఘనపుటడుగుల్లోనే కాబట్టి ఈ లెక్క తప్పితే మేస్త్రో, ఇల్లు కట్టుకునేవాళ్లో నష్టపోతారు. మూల సరిచూడాలంటే ఒక అంచున 3 అడుగులకు, పక్క అంచున 4 అడుగులకు గుర్తు పెట్టాలి. ఆ రెండు గుర్తుల మధ్య దూరం సరిగ్గా 5 అడుగులు ఉండాలి. ఇవన్నీ ఒక పూటలో చెప్పేయవచ్చు. కుసి బెజ్జంలోకి వదులు లేకుండా, కర్ర చీలకుండా దిగేలా చెక్కడం మాత్రం పక్కన నిలబడి తప్పు చూపించే మనిషి లేనిదే రాదు. అప్రెంటిస్ విధానానికి ఇంతకంటే తగిన వృత్తి నాకు కనిపించదు.

ఇక 1961 నాటి అప్రెంటిస్ చట్టం. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకుని తీరాలి. సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా, అంటే 40 మంది ఉన్న ఫర్నిచర్ ఫ్యాక్టరీలో ఒకరి నుంచి ఆరుగురి వరకు. 4 నుంచి 29 మంది ఉంటే యజమాని ఇష్టం. నలుగురు కూడా లేకపోతే ఆ తలుపు మూసుకున్నట్టే. మేస్త్రి, ఇద్దరు పనివాళ్లతో నడిచే కార్ఖానాలు ఎన్ని లేవు!

అవే నిబంధనల్లో కనీస స్టైపెండ్ పదో తరగతి పాసైనవారికి నెలకు 6,000 రూపాయలు, ఐటీఐ పూర్తిచేసినవారికి 7,000. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద కేంద్రం అందులో 25 శాతం భరిస్తుంది, అదీ 1,500కు మించకుండా. కాబట్టి పదో తరగతి కుర్రాడికి యజమాని జేబులోంచి పోయేది 4,500, ఐటీఐ కుర్రాడికైతే 5,500. ఈ మొత్తాలను 36 శాతం పెంచాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫార్సు చేసింది.

చిన్న కార్ఖానాలకు పీఎం విశ్వకర్మ ఉంది కదా అంటారు. 2023 సెప్టెంబర్ 17న మొదలైన ఆ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. 5 నుంచి 7 రోజుల్లో 40 గంటల శిక్షణ, రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000, తర్వాత 5 శాతం వడ్డీకి మొదట లక్ష, ఆపైన రెండు లక్షల అప్పు. మంచి సాయమే. అయితే అది పని వచ్చినవాడి కోసం పెట్టింది. ఏమీ రానివాడిని 40 గంటలు వడ్రంగిని చేయలేవు. అమెరికాలో రిజిస్టరైన వడ్రంగి అప్రెంటిస్‌షిప్ సాధారణంగా మూడు నుంచి నాలుగేళ్లు. ఏడాదికి 2,000 గంటలు జీతంతో పని, 144 గంటలు తరగతి.

ఒక పట్టణంలోని చిన్న కార్ఖానాలన్నిటినీ కలిపి ఒకే సంస్థగా లెక్కగడితే నలుగురి షరతు అడ్డురాదు. స్టైపెండ్‌లో కేంద్రం వాటా మేరకు మేస్త్రి భారమూ తగ్గుతుంది. నేర్పేవాడి మీద భారం తగ్గాలన్నది న్యాయమైన కోరిక.

అంతవరకు పిల్లవాణ్ని పంపే తల్లిదండ్రులు వీలైతే నలుగురైదుగురు పనిచేసే చోటు చూసి, యజమానిని ఒప్పించి అప్రెంటిస్ ఒప్పందం రిజిస్టర్ చేయించాలి. ఆ ఒప్పందం ఉన్నవాడికి పనిలో గాయమైతే పరిహారం చెల్లించాల్సిన బాధ్యత చట్ట ప్రకారం యజమానిదే. కాగితం లేని హెల్పర్ వేలు రంపంలో పడితే, ముందు తాను అక్కడ పనిచేస్తున్నానని రుజువు చేసుకోవాల్సి వస్తుంది.