బిస్కెట్ డబ్బాలో ఫోన్

ఇంగ్లండులో బడిపిల్లల వేసవి సెలవులు సుమారు ఆరు వారాలు. జూలై చివర్లో మొదలై సెప్టెంబరు మొదట్లో ముగుస్తాయి. పిల్లలకు పండగ, ఉద్యోగాలు చేసుకునే తల్లిదండ్రులకు పరీక్ష. బర్మింగ్‌హామ్‌లో ఒక చర్చిలో యూత్ వర్కర్‌గా పనిచేస్తున్న నాకు మాత్రం రెండూనూ!

మొదటి వారం హాలిడే క్లబ్. మన ఊళ్ళలో వి.బి.ఎస్. అంటామే, అదే. తెనాలి దగ్గర మా ఊళ్ళో మే నెల ఎండల్లో పందిరి కింద కూర్చుని పాటలు, కథలు నేర్చుకునేవాళ్ళం. మధ్యలో రస్నా ఇచ్చేవారు. చివరి రోజు రంగు కాగితాల జెండాలతో ఊరంతా ఊరేగింపు. ఇక్కడ ఎండకు బదులు వాన, రస్నాకు బదులు ఆరెంజ్ స్క్వాష్. తల్లిదండ్రుల అనుమతి పత్రాలు, ఎవరికి వేరుశనగ పడదో, ఎవరికి ఇన్‌హేలర్ కావాలో జాబితాలు, పెద్దలకు డి.బి.ఎస్. తనిఖీలు. మొదటి పాట అందుకునేలోపే ఫైలు నిండిపోతుంది.

చర్చికి వెళ్ళే అలవాటు లేని ఇళ్ళ పిల్లలు కూడా వస్తారు. రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చిన నర్సు ఒకామె ఇద్దరు పిల్లల్నీ అప్పగిస్తూ, "అన్నయ్యా, మూడు గంటలు కళ్ళు మూసుకుంటాను, చాలు" అంది. ఆ ఒక్క మాటకు నా అలసట ఎగిరిపోయింది.

అలసట ఎగిరింది గానీ, మూడో రోజు మా పాప నన్ను నేలమీదికి దింపింది. దానికి తొమ్మిదేళ్ళు. జిగురు సీసా మూత రాక చెయ్యెత్తి, "అంకుల్!" అని పిలిచింది. చుట్టూ ముప్పైమంది పిల్లలు అలాగే పిలుస్తున్నారు కదా, నేను నవ్వేశాను. ఇంటికొచ్చాక చెబితే మా ఆవిడ మాత్రం నవ్వలేదు. "నాన్నా అంటే పలకడం లేదని దానికి తెలిసిపోయింది" అంది.

తర్వాత పెద్ద పిల్లల క్యాంపు. తడిసిన గుడారాలు, మాడిన సాసేజ్‌లు, అర్ధరాత్రి దాకా కబుర్లు. అది ముగిసేసరికి ఆగస్టు రెండో వారం వచ్చేసింది. ఆ వారం మా కుటుంబానిది. మా ఆవిడ ఒకే షరతు పెట్టింది: ఫోన్ బిస్కెట్ డబ్బాలో ఉంటుంది, డబ్బా పాప దగ్గర ఉంటుంది.

మేం వెళ్ళింది ఉత్తర వేల్స్‌లోని లాండిడ్నో. 1902లో మొదలైన ట్రామ్ ఇప్పటికీ ఇనుప తాడు లాగుతుండగా గ్రేట్ ఓర్మ్ కొండ ఎక్కుతుంది. ఆ కొండ మీద కశ్మీరు జాతి మేకలు తిరుగుతుంటాయి. 2020 లాక్‌డౌన్‌లో అవే ఊళ్ళోకి దిగి తోటల్లోని మొక్కలు మేశాయని చెబితే మా బాబు నవ్వు ఆపలేకపోయాడు.

నాలాంటివాళ్ళకు ఆ ఊరితో ఇంకో చుట్టరికం ఉంది. 1868లో జోసయా స్పైర్స్ అనే ఆయన ఆ తీరంలో ఇసుక మీద "దేవుడు ప్రేమ" అన్న అర్థం వచ్చే మాటలు ఇంగ్లీషులో రాసి, అక్షరాలను అలంకరించమని పిల్లల్ని పిలిచాడు. సముద్రతీరంలో పిల్లలకు కూటాలు పెట్టే పద్ధతి అలా మొదలై ఎన్నో ఊళ్ళకు పాకింది. ఈ కథ వినగానే మా పాప గవ్వలు ఏరడానికి పరుగెత్తింది.

ఆ రోజు 2024 ఆగస్టు 15, గురువారం. మనకు స్వాతంత్ర్య దినోత్సవం. ఇక్కడ ఏ-లెవెల్ ఫలితాల రోజు. సెలవు బుక్ చేసినప్పుడు నేను చూసుకోలేదు.

డబ్బాలో ఫోన్ మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది. నేను కదల్లేదు. మా పాపే డబ్బా పట్టుకొచ్చి, "నాన్నా, నాలుగోసారి చేస్తున్నారు. తియ్యి" అంది.

మా యూత్ గ్రూపులోని తెలుగబ్బాయి. డాక్టరు చదవాలని రెండేళ్ళు కష్టపడ్డాడు. కెమిస్ట్రీలో గ్రేడు తగ్గింది. "అంకుల్, ఇంట్లో ఇంకా చెప్పలేదు. పార్కులో కూర్చున్నాను" అన్నాడు. గొంతు విని భయమేసింది. ముందు ఏమైనా తిన్నావా అని అడిగాను. ఇంటికి నడువు, లైన్లోనే ఉంటానన్నాను. తలుపు తీసిన వాళ్ళమ్మ గొంతు నాకు వినిపించింది: "ఏరా, మొహం అలా ఉందేం? లోపలికి రా, ముందు అన్నం తిను." ఆ తర్వాత స్కూలు టీచర్ల సాయంతో క్లియరింగ్‌లో బయోమెడికల్ సైన్స్ సీటు తెచ్చుకున్నాడు.

ఫోన్ పెట్టేసరికి నలభై నిమిషాలు గడిచాయి. మా పాప ఇసుకలో గవ్వలతో తెలుగులో పెద్దగా "నాన" అని రాసి కూర్చుంది. "నాకు కింద పెట్టేది రాదు" అంది. ఇద్దరం కలిసి మిగిలిన గవ్వలతో న-వత్తు పెట్టాం.

తప్పు నాదే. ఫలితాల వారంలో పిల్లలు ఫోన్ చెయ్యడానికి నా నంబరు తప్ప ఇంకెవరి నంబరూ ఇవ్వలేదు. అందరికీ నేనే కావాలన్న చిన్న గర్వం కూడా లోపల ఉండి ఉంటుంది. ఇప్పుడు మా బృందంలో నలుగురం వంతులు వేసుకున్నాం. ఎవరు సెలవులో ఉంటే వారి పిల్లల పిలుపులు మరొకరు అందుకుంటారు.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఫలితాల రోజున మార్కుల కంటే ముందు అన్నం సంగతి అడగండి. పిల్లలూ, మీకొక మాట. ఎంత చెడ్డ కబురైనా పార్కులో ఒంటరిగా మోయకండి. ఎవరో ఒక పెద్దవాళ్ళకు ఫోన్ చెయ్యండి. తియ్యకపోతే, నాలుగోసారి కూడా చెయ్యండి!